డి డ్రైవు వేరే ఇల్లు కాదు
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచి, అక్కడక్కడా సరిచేసి ఇస్తున్నాను.)



ఉగాది పచ్చడి తిన్నాం, పంచాంగ శ్రవణం విన్నాం, పిల్లల నాటిక చూశాం. వెనకనుంచి పులిహోర వాసన వస్తోంది. ఇలాంటి సమయంలో హార్డ్ డిస్కు గురించి మాట్లాడమని నన్ను నిలబెట్టారు. భోజనానికి ముందు మాట్లాడేవాడు తొందరగా ముగించాలన్న క్రమశిక్షణ నాకు ఎయిర్‌ఫోర్సు నేర్పింది. కనుక భయపడకండి.

కార్యదర్శిగారు "ఏదైనా కంప్యూటర్ విషయం చెప్పండి సార్, అందరికీ పనికొచ్చేది" అన్నారు. ఏం చెప్పాలా అని ఆలోచించాను. ఈ మధ్య మన కుటుంబాల నుంచి నాకు వస్తున్న ఫోన్లలో సగానికి పైగా ఒకటే మాట. "సి డ్రైవు ఎర్రగా అయిపోయిందండీ, డి డ్రైవు అంతా ఖాళీగా ఉంది. అందులోంచి కొంచెం తీసి ఇందులో కలపొచ్చా?" కలపొచ్చు. కాని ఎలా కలపాలో చెప్పే ముందు, ఎలా కలపకూడదో చెప్పాలి. అది నేను స్వయంగా చేసిన తప్పు కాబట్టి దాపరికం లేకుండా చెప్తాను.

2012లో నేను జోధ్‌పూర్‌లో జూనియర్ వారంట్ ఆఫీసర్‌గా ఉన్నాను. మా క్వార్టర్స్‌లోనే శ్రీకాకుళం జిల్లా సార్జంటు ఒకతను ఉండేవాడు. అతను డిటాచ్‌మెంటు మీద వెళ్ళాడు. ఒక ఆదివారం అతని భార్య వచ్చి, "అన్నయ్యగారూ, కంప్యూటర్ జాగా లేదంటోంది. బాబు ఫోటోలు ఎక్కించుకోవడం లేదు. ఒకసారి చూస్తారా" అంది. వెళ్ళి చూశాను. 160 జి.బి. డిస్కు. అసెంబుల్ చేసినవాడు సి డ్రైవుకు 20 జి.బి. మాత్రమే ఇచ్చి, మిగిలినదంతా డి డ్రైవు చేశాడు. సి నిండిపోయింది. డి లో ముప్పై జి.బి.కి పైగా ఖాళీ.

నా దగ్గర పార్టిషన్లు మార్చే సాఫ్ట్‌వేరు ఒకటి సి.డి. మీద ఉండేది. అందులో డిస్కు ఒక పొడుగాటి పట్టీలాగా కనిపిస్తుంది. రెండు డ్రైవుల మధ్య ఉన్న గీతను మౌసుతో పట్టుకుని కుడివైపుకు లాగాను. అప్లై నొక్కాను. నాలుగు గంటలు పడుతుందని చూపించింది. "ఏమీ ముట్టుకోకమ్మా, దాని పని అది చేసుకుంటుంది" అని చెప్పి ఇంటికి వచ్చేశాను.

జూన్ నెల. రాజస్థాన్‌లో పనిచేసినవాళ్ళకు ఆంధీ అంటే చెప్పనక్కరలేదు. సాయంత్రం ఐదింటికి ఆకాశం ఎర్రబడింది, కాసేపటికి దుమ్ము, ఆ వెంటనే కరెంటు పోయింది. ఆ కంప్యూటర్‌కు యు.పి.ఎస్. లేదు. రాత్రి కరెంటు వచ్చాక ఆన్ చేస్తే డి డ్రైవు పేరు ఉంది, లోపల ఏమీ లేదు. "ఈ డ్రైవును ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడుగుతోంది. ఆ ప్రశ్నకు వద్దు అని నొక్కడం ఒక్కటే ఆ రోజు నేను చేసిన సరైన పని.

రెండు రాత్రులు కూర్చున్నాను. చాలా ఫోటోలు తిరిగి వచ్చాయి, కాని పేర్లు పోయాయి, ఫోల్డర్లు పోయాయి, పెళ్ళి ఫోటోలు పుట్టినరోజు ఫోటోలు కలగాపులగం అయిపోయాయి. వీడియోల్లో చాలావాటికి బొమ్మ కదలలేదు. ఒక్కటి మాత్రం అసలే రాలేదు. ఆ సార్జంటు నాన్నగారు మనవడికి కథ చెబుతుండగా ఫోనులో రికార్డు చేసిన గొంతు. ఆయన అంతకు ముందు సంవత్సరమే కాలం చేశారు. ఆయన గొంతు ఉన్నది ఆ ఒక్క ఫైల్లోనే.

మూడు వారాల తరువాత అతను వచ్చాడు. నేనే వెళ్ళి జరిగింది చెప్పాను. కాసేపు ఊరుకుని, "పోనీండి సార్, మీరు మంచికే కదా చేశారు" అన్నాడు. ఒక మాట అని ఉంటే నాకు తేలికగా ఉండేది. అతను ఆ మాటా అనలేదు.

మీకు అసలు విషయం చెప్పాలి. ఆ రోజు నా ఇంట్లో అలమరాలో 500 జి.బి. బయటి డిస్కు ఖాళీగా ఉంది. రెండు క్వార్టర్ల అవతల. వెళ్ళి తేవడానికి రెండు నిమిషాలు. డి డ్రైవులో ఉన్నదంతా దాని మీదికి కాపీ చేయడానికి మహా అయితే రెండు గంటలు. "ఎందుకులే, వందసార్లు చేశాను" అనుకున్నాను. సర్వీసులో ఎన్ని ప్రమాదాలకు ఈ మాటే మూలమో మీ అందరికీ తెలుసు.

గీత మాత్రమే, గోడ కాదు

మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. "ముఖ్యమైనవన్నీ డి డ్రైవులో పెట్టానండీ, సేఫ్‌గా ఉంటాయి" అంటారు. విండోస్ పాడై మళ్ళీ వేసినప్పుడు మామూలుగా సి డ్రైవు తుడిచి వేస్తారు, డి అలాగే ఉంటుంది. ఆ మేరకు నిజమే. దానివల్ల వచ్చిన నమ్మకం ఇది. కాని సి, డి అన్నవి రెండు డిస్కులు కావు. ఒకే డిస్కు మీద గీసిన గీత. డిస్కు కాలిపోతే రెండూ పోతాయి. ల్యాప్‌టాప్ రైల్లో పోతే రెండూ పోతాయి. ఒకే నల్ల ట్రంకులో అట్ట ముక్క అడ్డం పెట్టి, ఇటు యూనిఫారాలు, అటు సర్టిఫికెట్లు సర్దుకున్నట్టు. ట్రంకు పోతే అట్ట ముక్క ఏం కాపాడుతుంది?

ఈ గీత ఎక్కడ ఉంటుందో కూడా తెలుసుకోండి. 1983లో ఐ.బి.ఎం. వారి పి.సి. ఎక్స్‌.టి. 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో వచ్చింది. పార్టిషన్ల పద్ధతి ఆ కాలంలోదే. డిస్కు మొట్టమొదటి గదిలో, అంటే 512 బైట్ల సెక్టారులో, 64 బైట్ల చిన్న పట్టిక ఉంటుంది. నాలుగు వరుసలు, వరుసకు 16 బైట్లు. ఏ పార్టిషన్ ఎక్కడ మొదలు, ఎంత పొడుగు అన్నది అందులో రాసి ఉంటుంది. ఈ పద్ధతిని ఎం.బి.ఆర్. అంటారు. యూనికోడ్ తెలుగులో అయితే 64 బైట్లలో ఇరవై ఒక్క అక్షరాలు పడతాయి. అంత చిన్న చీటీ మీద మన డిస్కు మొత్తం హద్దులు ఆధారపడి ఉండేవి. ఇప్పటి కంప్యూటర్లలో జి.పి.టి. అనే పద్ధతి ఉంది. ఇందులో పట్టిక పెద్దది, పైగా దాని నకలు డిస్కు చివర కూడా ఉంటుంది. మెరుగే. కాని పట్టిక భద్రంగా ఉన్నంత మాత్రాన లోపలి సామాను భద్రంగా ఉందని కాదు.

జోధ్‌పూర్‌లో నేను అర్థం చేసుకోనిది ఇదే. గీతను కుడివైపుకు జరిపితే డి డ్రైవు మొదలయ్యే చోటు మారుతుంది. అంటే ఆ డ్రైవులో ఉన్న సామానంతా, తొంభై జి.బి.కి పైగా, ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగాలి. బొమ్మలో కదిలింది ఒక గీతే. లోపల మాత్రం పటాలం మొత్తం బ్యారక్ ఖాళీ చేసి పక్క బ్యారక్‌లోకి మారుతోంది. సగం మంది దారిలో ఉండగా దీపాలు ఆరిపోయాయి.

ఇంకో సందేహం కూడా చాలామంది అడుగుతారు. "500 జి.బి. అని కొన్నానండీ, 465 చూపిస్తోంది. మిగతాది ఎవడు తిన్నాడు?" ఎవరూ తినలేదు. తయారుచేసేవాళ్ళు వెయ్యి లెక్కన కొలుస్తారు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది. అదే లెక్కన 1 టి.బి. 931 గానూ, 256 జి.బి. 238 గానూ కనిపిస్తాయి. దుకాణదారుతో పోట్లాడకండి.

ముందు చెత్త తీయండి

పార్టిషన్ మార్చాలని నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి మార్చే అవసరమే ఉండదు. ఉన్న జాగాను చెత్త ఆక్రమించి ఉంటుంది. ముందు అది చూడండి.

విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, సిస్టమ్, ఆ తరువాత స్టోరేజ్ నొక్కండి. దేనికి ఎంత జాగా పోయిందో పద్దు చూపిస్తుంది. అందులో టెంపరరీ ఫైల్స్ అని ఉంటుంది. దాన్ని తెరిస్తే తీసేయదగినవాటి జాబితా వస్తుంది. అక్కడ ఒక్క జాగ్రత్త. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అని కూడా ఉంటుంది. అన్నింటికీ టిక్కు పెట్టేసే అలవాటున్నవాళ్ళు దానికీ పెట్టేస్తారు. మన పిల్లల హాల్ టిక్కెట్లు, పెన్షన్ స్లిప్పులు, బ్యాంకు కాగితాలు ఉండేది డౌన్‌లోడ్స్‌లోనే. దాన్ని మీ చేత్తో ఒక్కొక్కటీ చూసి తీయండి.

రెండోది పాత విండోస్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో చాలామంది 11కు మారారు. మారినప్పుడు పాత విండోస్ అంతా సి డ్రైవులోనే "విండోస్ డాట్ ఓల్డ్" అనే ఫోల్డరులో దాచి ఉంచుతుంది. వెనక్కి వెళ్ళాలనుకుంటే పది రోజులు గడువు, తరువాత తనే తీసేస్తుంది. పది జి.బి. పైన ఆక్రమించడం మామూలే. తొందరగా కావాలంటే ఇందాక చెప్పిన టెంపరరీ ఫైల్స్‌లో నుంచి తీయండి. నేరుగా ఫోల్డరు పట్టుకుని డిలీట్ కొట్టకండి. అలాగే విండోస్ ఫోల్డరులో ఉన్న ఏ ఫైలునూ, అది ఎంత పెద్దదైనా, చేత్తో తీయకండి.

మూడోది హైబర్నేషన్ ఫైలు. కంప్యూటర్‌ను నిద్రపుచ్చేటప్పుడు మెమరీలో ఉన్నదంతా దాచడానికి పెట్టుకున్న చోటు ఇది. ఇప్పటి విండోస్‌లో మామూలుగా మెమరీలో 40 శాతం దాకా ఉంటుంది. 16 జి.బి. ర్యామ్ ఉంటే ఆరు జి.బి. పైచిలుకు. హైబర్నేట్ వాడనివాళ్ళు దాన్ని ఆపేయవచ్చు. ఆపితే కంప్యూటర్ ఆన్ కావడం కొంచెం ఆలస్యమవుతుంది, వేరే నష్టం లేదు.

నాలుగోది, అసలుది, మనం స్వయంగా పోగుచేసింది. ఫోను నుంచి మూడుసార్లు కాపీ చేసిన అవే ఫోటోలు. వాట్సాప్‌లో వచ్చిన శుభోదయం బొమ్మలు. ఎవరో పంపిన సినిమాలు. ఇవి తీసేశాక రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం మరచిపోకండి. బిన్ ఖాళీ కానంతవరకు ఒక్క బైటు కూడా తిరిగి రాదు. మెస్‌లో చెత్తబుట్ట నింపి బుట్టను అక్కడే వదిలేసినట్టు.

సామాను మార్చండి, హద్దు మార్చకండి

చెత్త తీసినా సి డ్రైవు ఎర్రగానే ఉందనుకోండి. విండోస్‌లో ఒక డ్రైవులో పది శాతం కంటే తక్కువ ఖాళీ ఉంటే ఆ పట్టీ ఎర్రగా కనిపిస్తుంది. అప్పుడు కూడా పార్టిషన్ జోలికి పోనక్కరలేదు. గోడ కూలగొట్టే బదులు ఈ గదిలోని బీరువాను ఆ గదిలోకి జరపవచ్చు కదా.

డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్ అనే ఫోల్డర్లు మామూలుగా సి డ్రైవులోనే ఉంటాయి. వాటి మీద మౌసు కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్ తెరిస్తే, లొకేషన్ అనే పేజీ ఉంటుంది. అందులో మూవ్ నొక్కి, డి డ్రైవులో ముందే చేసిపెట్టుకున్న ఫోల్డరు చూపిస్తే సామానంతా అక్కడికి వెళ్ళిపోతుంది. ఇకమీదట వచ్చేవి కూడా అక్కడికే చేరతాయి. ఒక్క జాగ్రత్త. ఒక్కో ఫోల్డరుకు ఒక్కో కొత్త ఫోల్డరు చేసి చూపించండి. ఖాళీ డి డ్రైవునే చూపిస్తే తరువాత వెనక్కి తేవడం పెద్ద చిక్కు.

కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్ళు "ఇందులో ఒక్క సి డ్రైవే ఉంది, డి లేదు, మోసపోయామా?" అని అడుగుతారు. మోసపోలేదు. ఒక్కటే ఉంటే సి నిండి డి ఖాళీగా ఉండే బాధే రాదు. ఫోల్డర్లు చక్కగా సర్దుకోండి, చాలు.

తప్పనిసరి అయితే

కొన్నిసార్లు హద్దు మార్చక తప్పదు. నాకు తెలిసిన జోధ్‌పూర్ కంప్యూటర్ అలాంటిదే. 20 జి.బి. సి డ్రైవు ఏం చేసినా చాలదు. అప్పుడు ఎలా చేయాలో వరుస చెప్తాను. వరుస తప్పకండి.

మొదటిది కాపీ. మొత్తం సామాను బయటి డిస్కు మీదికి. కాపీ అయ్యాక రెండు వైపులా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ళ సంఖ్య, సైజు పోల్చి చూడండి. ఓ పది ఫైళ్ళు బయటి డిస్కు నుంచే తెరిచి చూడండి, ఫోటోలు రెండు, వీడియోలు రెండు, కాగితాలు కొన్ని. ఆ తరువాత ఆ డిస్కును పీకి అలమరాలో పెట్టండి. పని జరుగుతున్నప్పుడు అది కంప్యూటర్‌కు తగిలించి ఉండకూడదు. పొరపాటున దాన్నే ఫార్మాట్ చేసినవాళ్ళను చూశాను.

రెండోది డిస్కు ఆరోగ్యం. డ్రైవు ప్రాపర్టీస్‌లో టూల్స్ పేజీలో చెక్ అని ఉంటుంది. దాన్ని నడిపి, తప్పులు లేవని చూసుకోండి. పాత హార్డ్ డిస్కు టిక్కు టిక్కు అని చప్పుడు చేస్తుంటే ఆ డిస్కు మీద పార్టిషన్ పనే పెట్టుకోకండి. కాపీ తీసుకుని, కొత్త డిస్కు వేయించుకోండి.

మూడోది కరెంటు. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా, చార్జరు తగిలించి. డెస్క్‌టాప్ అయితే యు.పి.ఎస్. లేకుండా మొదలుపెట్టకండి.

నాలుగోది తాళం. కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవుకు బిట్‌లాకర్ అనే తాళం మనకు తెలియకుండానే వేసి ఉండవచ్చు. దానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. అది కాగితం మీద రాసుకుని, తాళాన్ని తాత్కాలికంగా సస్పెండ్ చేసి, ఆ తరువాతే పని మొదలుపెట్టాలి. ఆ కీ లేక, పాస్‌వర్డ్ తెలిసి కూడా తన ల్యాప్‌టాప్‌లోకి తనే పోలేకపోయిన మిత్రుడు ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పను.

ఇక పని. విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ అనే పరికరం ఉంది. విస్టా వచ్చిన 2007 నుంచి అందులో పార్టిషన్‌ను చిన్నది చేయడం, పెద్దది చేయడం రెండూ ఉన్నాయి. స్టార్ట్ బటన్ మీద మౌసు కుడి బటన్ నొక్కితే కనిపిస్తుంది. దాంతో చేసేవాళ్ళందరూ ఒకే చోట ఆగిపోతారు. డి డ్రైవును ష్రింక్ చేస్తారు, జాగా వస్తుంది. సి మీద నొక్కితే ఎక్స్‌టెండ్ వెలగదు. ఎందుకని? ఖాళీ జాగా సి కి కుడివైపున ఆనుకుని ఉంటేనే విండోస్ కలుపుతుంది. డి ని చిన్నది చేస్తే వచ్చే జాగా డి కి అవతలి చివర ఉంటుంది. మీ పొలానికీ ఖాళీ పొలానికీ మధ్య ఇంకొకరి పొలం ఉన్నట్టు. కలపాలంటే మధ్యవారు జరగాలి.

ఇక్కడే జనం బయటి సాఫ్ట్‌వేర్ల దగ్గరికి పోతారు. జీపార్టెడ్ లాంటి మంచి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, డి ని జరిపిపెడతాయి. తప్పు వాటిది కాదు. కాని జరపడం అంటే నేను చెప్పిన పటాలం మార్పిడే. నా సలహా వేరు. బయటి డిస్కు మీద నకలు ఉంది, సరిచూసుకున్నాం కదా. ఇక డి డ్రైవును పూర్తిగా తీసేయండి. సి ని కావలసినంత ఎక్స్‌టెండ్ చేయండి. మిగిలిన జాగాలో కొత్తగా డి చేసుకుని, సామాను వెనక్కి తెచ్చుకోండి. ఎక్కువ సేపు పట్టేది కాపీ ఒక్కటే. మధ్యలో కరెంటు పోయినా అలమరాలో నకలు ఉంది. మొరటు పద్ధతి అనిపిస్తుంది, కాని గుండె నిబ్బరంగా ఉంటుంది.

అడ్డు వచ్చేవి ఇంకా రెండు ఉన్నాయి. ఎం.బి.ఆర్. పద్ధతిలో ఉన్న పాత డిస్కుల్లో డి, ఇ డ్రైవులు ఎక్స్‌టెండెడ్ అనే పెద్ద పెట్టె లోపల ఉంటాయి. డి ని తీసేసినా జాగా ఆ పెట్టెలోనే ఉండిపోతుంది, సి కి చెందదు. లోపలివన్నీ తీసి, పెట్టెనూ తీసేయాలి. కనుక ఇ లో ఉన్నది కూడా ముందే కాపీ చేసుకోండి. కొత్త కంప్యూటర్లలో అయితే సి పక్కనే చిన్న రికవరీ పార్టిషన్ ఉంటుంది. విండోస్ పాడైనప్పుడు బాగుచేసే సరంజామా అందులో ఉంటుంది. దాన్ని ఊరికే తీసేయకండి. 2024 జనవరిలో వచ్చిన ఒక విండోస్ 10 భద్రతా అప్‌డేటు చాలా కంప్యూటర్లలో ఎక్కలేదు. కారణం, ఈ రికవరీ పార్టిషన్‌లో జాగా చాలకపోవడం. దాన్ని 250 ఎం.బి. పెంచుకునే పద్ధతిని మైక్రోసాఫ్ట్ ప్రచురించి, చేత్తో చేసుకోమంది. మామూలు మనుషులు కమాండ్లు కొట్టి పార్టిషన్ మార్చుకోవలసి వచ్చిందన్నమాట. మీ డిస్కులో అలాంటిది సి కి, ఖాళీ జాగాకు మధ్య అడ్డుగా ఉంటే అక్కడితో ఆగి, తెలిసినవారిని పిలవండి. అది సిగ్గుపడే విషయం కాదు.

ఇంకొకటి. సి లో వంద జి.బి. ఖాళీ ఉన్నా, ష్రింక్ నొక్కితే పది పన్నెండు మాత్రమే ఇస్తానంటుంది కొన్నిసార్లు. పేజ్ ఫైలు, హైబర్నేషన్ ఫైలు, రిస్టోర్ పాయింట్లు వంటివి జరగనని మధ్యలో కూర్చుంటాయి. వాటిని తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి, మళ్ళీ ప్రయత్నిస్తే ఎక్కువ వస్తుంది. పని అయ్యాక తిరిగి ఆన్ చేయడం మరవకండి.

పోయినది తిరిగి వస్తుందా?

2012లో నాకు చాలా ఫోటోలు తిరిగి రావడానికి కారణం ఉంది. అది పాత రకం తిరిగే హార్డ్ డిస్కు. అందులో ఫైలు తీసేస్తే జాబితాలో పేరు పోతుంది గాని, అసలు సరుకు పైన వేరేది రాసేదాకా అక్కడే ఉంటుంది. ఫోటోరెక్, టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. టెస్ట్‌డిస్క్ పోయిన పార్టిషన్ హద్దులను వెతుకుతుంది, ఫోటోరెక్ పేర్లతో పనిలేకుండా సరుకునే వెతికి తీస్తుంది. నేను వాడింది రెండోదే. పేర్లు లేకుండా ఫోటోలు వచ్చింది అందుకే.

ఇప్పుడు మన ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉన్నది ఎస్‌.ఎస్‌.డి. ఇది వేగమైనది, కుదుపులకు తట్టుకుంటుంది. కాని ఇందులో ఫైలు తీసేస్తే, ట్రిమ్ అనే ఆదేశం ద్వారా విండోస్ ఆ చోటు ఖాళీ అని డిస్కుకు చెబుతుంది. డిస్కు తన తీరికలో దాన్ని నిజంగానే తుడిచేస్తుంది. ఆ తరువాత ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. కాబట్టి పాత రోజుల ధైర్యం ఇప్పుడు పనికిరాదు. పొరపాటు జరిగిందని తెలియగానే చేయవలసింది ఒకటే. కంప్యూటర్ ఆపేయండి. దాని మీద ఇంకేమీ రాయకండి. తిరిగి తెచ్చిన ఫైళ్ళను కూడా అదే డిస్కు మీద పెట్టకండి.

మన కాగితాలు

ఇదంతా ఫోటోల కోసమే కాదు. సర్వీసువాళ్ళ ఇళ్ళలో కంప్యూటర్ ఇప్పుడు ఆఫీసు అలమరా అయిపోయింది. పి.పి.ఓ., డిశ్చార్జి బుక్కు, పెళ్ళీ పిల్లల పేర్లూ ఎక్కించిన పార్ట్ టూ ఆర్డర్లు, ఇ.సి.హెచ్.ఎస్. కార్డు, స్పర్శ్ లాగిన్ వివరాలు, భార్యాభర్తల జాయింట్ ఫోటో, అన్నీ స్కాన్ చేసి పెట్టుకుంటున్నాం. మంచిదే. కాని అవి ఎక్కడ ఉన్నాయో ఇంట్లో ఎవరికి తెలుసు? మనం లేని రోజున వాటి అవసరం పడేది మన ఇల్లాలికి. ఆ రోజు ఆవిడ "డి డ్రైవు ఓపెన్ అవడం లేదన్నయ్యగారూ" అని పక్క క్వార్టర్ తలుపు కొట్టకూడదు.

అందుకు 3-2-1 అని ఒక సూత్రం ఉంది. మూడు నకళ్ళు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. కంప్యూటర్లో ఒకటి, బయటి డిస్కు మీద ఒకటి, ఊళ్ళో ఉన్న కొడుకు ఇంట్లోనో, క్లౌడ్‌లోనో ఒకటి. పెన్ డ్రైవు ఒక్కదాన్నే నమ్ముకోకండి. కాగితాల ఒరిజినల్స్ ఎలాగూ ట్రంకులో ఉండాలి. నెలకోసారి, జీతమో పెన్షనో పడిన రోజున, బయటి డిస్కు తగిలించి కాపీ చేసుకోండి. ఆ పని ఇల్లాలి చేత చేయించండి, మనం పక్కన కూర్చుందాం.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఒక మాట. నేను చెప్పిందంతా సొంత కంప్యూటర్ల గురించే. ఆఫీసు కంప్యూటర్‌ను ఇలా ముట్టుకునే హక్కు మనకు లేదు, ఆఫీసు కాగితం సొంత కంప్యూటర్లోకి రాకూడదు. అలాగే పాత కంప్యూటర్ పాతసామాన్లవాడికి ఇచ్చేటప్పుడు డిస్కు తీసి మీ దగ్గరే ఉంచుకోండి. మామూలు క్విక్ ఫార్మాట్ తిరిగే డిస్కులో సరుకును తుడవదని ఇందాకే చెప్పాను. మనం దాచుకోవాలనుకున్నది పోయేది, పోవాలనుకున్నది మిగిలేది ఇక్కడే.

ఇక ముగిస్తాను. ఆ సార్జంటు తరువాత వారంట్ ఆఫీసరై రిటైరయ్యాడు. ఇప్పటికీ ప్రతి ఉగాదికి ఫోను చేస్తాడు. ఈ రోజు పొద్దున కూడా చేశాడు. బాబు ఇంజనీరింగ్ చదువుతున్నాడట. ఆ ఫైలు గురించి అతను ఎన్నడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఈ సభలో దాని గురించి చెప్పవచ్చా అని మాత్రం ఈ రోజు అడిగాను. "చెప్పండి సార్, ఇంకొకరిదైనా మిగులుతుంది" అన్నాడు.

అందుకని మీ అందరికీ నా మనవి ఒక్కటే. ఇంటికి వెళ్ళాక ఎర్రగా ఉన్న సి డ్రైవు జోలికి ఇవాళే పోకండి. అది ఇంకో వారం ఎర్రగా ఉన్నా కొంపలు మునగవు. ముందు, మీ కంప్యూటర్లో ఒక్క చోటే ఉన్నది ఏదైనా ఉందా అని వెతకండి. నాన్నగారి గొంతు కావచ్చు, అమ్మ ఫోటో కావచ్చు, డిశ్చార్జి బుక్కు స్కాన్ కావచ్చు. దాన్ని ఇంకో చోట కూడా పెట్టండి. ఆ తరువాత జాగా సంగతి తీరిగ్గా చూసుకుందాం, నన్ను పిలిస్తే నేనూ వస్తాను. బయటి డిస్కు వెంట తెచ్చుకునే వస్తాను.

పులిహోర చల్లారకముందే సెలవు తీసుకుంటున్నాను.

జై హింద్.